పీడీఎఫ్ నొక్కితే గింప్ ఎందుకు తెరుచుకుంటుంది: లినక్స్‌లో ఫైలుకూ ప్రోగ్రాంకూ లంకె తెగినప్పుడు

నల్లగొండ క్లాక్ టవర్ చుట్టూ ఉన్న జిరాక్స్ షాపులైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోని డీటీపీ సెంటర్లైనా, మిర్యాలగూడ, కల్వకుర్తి బస్టాండ్ల పక్కన నడిచే నెట్ సెంటర్లైనా పాత కంప్యూటర్ల మీదే బతుకుతున్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు గడువు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే పనికొస్తుంది. అవి లేని పెట్టెను పారేయలేక లినక్స్ మింట్ లేదా ఉబుంటు వేసుకున్న షాపు ఏదైనా ఉంటే, అక్కడ మొదటి నెలలోనే ఎదురయ్యే తిప్పల్లో ఇదొకటి: ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోవాల్సింది తెరుచుకోదు.

నిన్నటి దాకా పాసుపుస్తకం పీడీఎఫ్ నొక్కితే పేజీ కనపడేది. ఇవాళ ఫొటోలు దిద్దే గింప్ లేచి, ఏ పేజీ లోపలికి తెచ్చుకోవాలని అడుగుతుంది. వర్డ్ ఫైలు నొక్కితే జిప్ విప్పే ప్రోగ్రాం వచ్చి లోపల ఏవేవో ఫోల్డర్లు చూపిస్తుంది. కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉన్నప్పుడు ఇది చిన్న సంగతి కాదు. అప్పుడు చాలామంది చేసేది ప్రోగ్రాంను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. దానితో సాధారణంగా ఏమీ మారదు. ప్రోగ్రాం చెడిపోలేదు కాబట్టి మారదు. చెడింది దాని పేరు రాసి ఉన్న చిన్న టెక్స్ట్ ఫైలు. అది యూజర్ హోమ్ ఫోల్డరులో ఉంటుంది, ప్రోగ్రాంను ఎన్నిసార్లు తీసి వేసినా చెక్కుచెదరదు. హోమ్‌ను కదపకుండా మొత్తం లినక్స్‌నే మళ్లీ వేసినా ఆ తప్పు అలాగే తిరిగొస్తుంది.

రెండు గడులు, రెండు ప్రశ్నలు

పహాణీ (భూమి రికార్డు) చూసిన వాళ్లకు ఈ వ్యవహారం తేలిగ్గా అర్థమవుతుంది. ఒక సర్వే నంబరు ఎదురుగా భూమి తరియా (మాగాణి), ఖుష్కియా (మెట్ట) అన్నది ఒక గడిలో ఉంటుంది. పట్టాదారు ఎవరన్నది మరో గడిలో ఉంటుంది. మొదటి గడిలో తప్పు పడితే రెండో గడి దిద్దినా లాభం లేదు. ఫోల్డర్లు, ఫైళ్లు చూపించే ఫైలు మేనేజరు కూడా డబుల్ క్లిక్ పడగానే ఇలాంటి రెండు గడులే చూస్తుంది. ఇది ఏ రకం ఫైలు అన్నది మొదటిది. ఆ రకం ఫైళ్లను ఎవరికి అప్పగించాలన్నది రెండోది. మింట్‌లోని నెమో, గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లోని నాటిలస్, అలాంటివే అయిన ఎక్స్‌ఎఫ్‌సీఈలోని థూనార్, కేడీఈలోని డాల్ఫిన్, అన్నీ ఈ రెండు మెట్లే ఎక్కుతాయి. 2000లో మొదలైన ఫ్రీడెస్క్‌టాప్ అనే ఉమ్మడి వేదిక రాసిన ప్రమాణాలే వీటన్నిటికీ ఆధారం.

రకాన్ని గుర్తించే పేరును మైమ్ టైప్ అంటారు. 1992లో ఈమెయిల్ అటాచ్‌మెంట్ల కోసం పుట్టిన పద్ధతి ఇది. పీడీఎఫ్‌కు అప్లికేషన్/పీడీఎఫ్, మామూలు రాతకు టెక్స్ట్/ప్లెయిన్, ఫోల్డరుకు ఐనోడ్/డైరెక్టరీ. లినక్స్ డెస్క్‌టాప్ దాన్నే తెచ్చుకుని వాడుకుంటోంది.

లంకె తెగినప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఏ గడిలో తప్పు ఉందన్నదే. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ తెరిచి ఎక్స్‌డీజీ-మైమ్ క్వెరీ ఫైల్‌టైప్ అని టైప్ చేసి పక్కన ఫైలు పేరు ఇస్తే మొదటి గడిలో ఏముందో చెబుతుంది. ఆ వచ్చిన రకం పేరును ఎక్స్‌డీజీ-మైమ్ క్వెరీ డిఫాల్ట్ పక్కన పెడితే రెండో గడి చెబుతుంది. ఈ రెండు జవాబులు చేతిలో లేకుండా దేన్నీ ముట్టుకోకపోవడం మంచిది. ఇంటర్నెట్‌లో దొరికే చిట్కాల్లో సగం మొదటి గడివి, సగం రెండో గడివి. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఉన్న తిప్పలకు మరొకటి తోడవుతుంది.

పేరు ఒకటి, లోపల మరొకటి

రకాన్ని తేల్చడానికి వ్యవస్థ ముందు ఫైలు పేరు చివర చూస్తుంది. చుక్క తర్వాత పీడీఎఫ్ అని ఉంటే పీడీఎఫే అనుకుంటుంది. పేరుతో తేలకపోతేనే లోపలి మొదటి బైట్లను చదువుతుంది. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తు, పీడీఎఫ్ అన్న అక్షరాలతో మొదలవుతుంది. జిప్ ఫైలు పీ, కే అన్న రెండు అక్షరాలతో మొదలవుతుంది. ఇలాంటి ఆనవాళ్ల పట్టీ యూఎస్‌ఆర్ కింద, షేర్ కింద, మైమ్ అనే ఫోల్డరులో ఉంటుంది.

ఇది తెలిస్తే వాట్సాప్ ఫైళ్ల గొడవ దానంతట అదే విడిపోతుంది. గిరాకీ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి వాట్సాప్ డాక్యుమెంట్ల ఫోల్డరు తెరిస్తే, డీఓసీ అని మొదలై, తేదీ, డబ్ల్యూఏ, ఒక నంబరు వచ్చి, చివర చుక్కతో ఆగిపోయిన పేర్లు కనపడుతుంటాయి. చుక్క తర్వాత ఏమీ ఉండదు. అది పీడీఎఫ్ అయితే లోపలి బైట్లు చూసి లినక్స్ సరిగ్గానే తెరుస్తుంది. వర్డ్ డాక్స్ అయితే చిక్కు. డాక్స్ నిజానికి జిప్ మూటే, కాబట్టి చాలాసార్లు అది జిప్‌గానే లెక్కకు వస్తుంది. ఇక్కడ డిఫాల్ట్ ప్రోగ్రాం మార్చడం తప్పుడు మందు. జిప్ ఫైళ్లన్నిటినీ వర్డ్ ఫైళ్లు తెరిచే లిబ్రేఆఫీస్‌కు అప్పగించినట్టవుతుంది. పేరు చివర డాక్స్ చేరిస్తే చాలు.

తిరగేసిన కేసు ఇంకా ఎక్కువ. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు పీడీఎఫ్ మాత్రమే తీసుకుంటారని తెలిసి, ఫోన్‌లో తీసిన ఫొటోకు పేరు చివర పీడీఎఫ్ అని మార్చి తెచ్చే విద్యార్థులు ఉంటారు. పేరును నమ్మి వ్యవస్థ దాన్ని పీడీఎఫ్ చూపించే ప్రోగ్రాంకు ఇస్తుంది, ఆ ప్రోగ్రాం ఇది నా వల్ల కాదంటుంది. ఫైల్ అనే పాత కమాండ్ ఇక్కడ పనికొస్తుంది. అది పేరును లెక్కచేయదు, లోపలి బైట్లే చదువుతుంది, దాని పట్టీ కూడా వేరు. అది జేపెగ్ అని, ఎక్స్‌డీజీ-మైమ్ పీడీఎఫ్ అని చెబితే అబద్ధం పేరులో ఉంది. పేరు మారిస్తే ఫొటో పీడీఎఫ్ అయిపోదని ఆ పిల్లవాడికి చెప్పి, నిజంగా పీడీఎఫ్ చేసి పంపాలి. లేకపోతే దరఖాస్తు అక్కడెక్కడో తిరస్కరణకు గురవుతుంది.

రకాలకు వంశావళి కూడా ఉంది. డాక్స్ రకానికి జిప్ తల్లి వంటిది. పైథాన్ ప్రోగ్రాం మామూలు టెక్స్ట్‌కు పిల్ల. పిల్ల రకానికి సొంతదారు దొరక్కపోతే తల్లి రకానికి ఉన్న ప్రోగ్రాంను పిలుస్తారు. లిబ్రేఆఫీస్ తీసేసిన మర్నాడు, పేరు సరిగ్గా ఉన్న వర్డ్ ఫైలు కూడా జిప్ విప్పే ప్రోగ్రాంలో తెరుచుకోవడానికి కారణం ఇదే. చూడ్డానికి పిచ్చిపనిలా ఉన్నా, ఆ లెక్కలో తర్క దోషం ఏమీ లేదు.

కొన్ని ఆఫీసు సూట్లు వర్డ్, ఎక్సెల్ ఫైళ్లకు తమ సొంత రకం పేర్లను ఈ పట్టీలోకి ఎక్కిస్తాయి. అలాంటిది వేశాక అదే డాక్స్‌కు ఎక్స్‌డీజీ-మైమ్ కొత్త పేరు చెబుతుంది. లిబ్రేఆఫీస్‌కు ఆ పేరు తెలియదు. ఎన్నిసార్లు డిఫాల్ట్ మార్చినా నిలవలేదని విసుక్కునే చోట ఈ అనుమానం తప్పకుండా పెట్టుకోవాలి. ఆ సూట్ ఎక్కించిన ఎక్స్‌ఎంఎల్ ఫైలును మైమ్ ఫోల్డరులోని ప్యాకేజెస్ నుంచి తీసి, అప్‌డేట్-మైమ్-డేటాబేస్ అనే కమాండ్ నడిపితే పాత పేరు తిరిగొస్తుంది.

విరాసత్ కాని పట్టాలు

ఇప్పుడు రెండో గడి. ప్రతి ప్రోగ్రాంకూ ఒక డెస్క్‌టాప్ ఫైలు ఉంటుంది. నాకు ఈ ఈ రకాలు తెరవడం వచ్చు అని మైమ్‌టైప్ అన్న వరుసలో అది చెప్పుకుంటుంది. యూజర్ ఎవరిని ఎంచుకున్నాడన్నది మాత్రం హోమ్ ఫోల్డరులోని కాన్ఫిగ్ ఫోల్డరులో, మైమ్‌యాప్స్.లిస్ట్ అనే ఫైలులో నమోదవుతుంది. కాన్ఫిగ్ పేరుకు ముందు చుక్క ఉంటుంది కాబట్టి అది దాగి ఉంటుంది, ఫైలు మేనేజరులో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే కనపడుతుంది. ఆ ఫైలులో మూడు భాగాలు ఉండవచ్చు: డిఫాల్ట్‌గా ఎవరు తెరవాలి, అదనంగా ఎవరిని చేర్చారు, ఎవరిని తీసేశారు. మూడో భాగాన్ని చాలామంది చూడరు. ఒక ప్రోగ్రాం ఓపెన్ విత్ జాబితాలో అసలు కనపడకుండా పోయిందంటే, ఎప్పుడో పొరపాటున రిమూవ్ నొక్కిన గుర్తు అక్కడే ఉంటుంది.

తాత చనిపోయి పదేళ్లయినా విరాసత్ (వారసుల పేరిట మార్పిడి) చేయించకపోతే రికార్డులో ఆయన పేరే ఉంటుంది. మైమ్‌యాప్స్.లిస్ట్‌లోనూ అంతే. తీసేసిన ప్రోగ్రాం పేరు అలాగే మిగిలిపోతుంది. ప్రమాణం ప్రకారం, లేని ప్రోగ్రాం పేరు కనపడితే దాన్ని దాటేసి తర్వాతి వారిని వెతకాలి. తర్వాతి వారు ఎవరన్నది అప్పటికి ఉన్న డెస్క్‌టాప్ ఫైళ్లను బట్టి తేలుతుంది. పీడీఎఫ్ తెరవగలనని గింప్ చెప్పుకుంది, లిబ్రేఆఫీస్ డ్రా కూడా చెప్పుకుంది. పీడీఎఫ్ చూపించే ప్రోగ్రాం తప్పుకోగానే వీళ్లలో ఒకరికి పట్టా వెళ్తుంది. హెచ్చరిక ఏమీ రాదు. ఈ నిశ్శబ్దమే ఈ పద్ధతిలోని అసలు లోపం. తన డిఫాల్ట్ పోయిందని యూజర్‌కు ఒక్క మాట చెప్పి, ఎవరు కావాలని అడిగి ఉంటే సగం తిప్పలు పుట్టేవే కావు.

తీసేయకపోయినా పేరు మారవచ్చు. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే మూట రూపంలో వస్తోంది. అంతకుముందు దాని డెస్క్‌టాప్ ఫైలు పేరు ఫైర్‌ఫాక్స్ ఒక్కటే. స్నాప్‌లో ఆ మాట రెండుసార్లు, మధ్యలో అండర్‌స్కోర్‌తో వస్తుంది. ఫ్లాట్‌ప్యాక్ అనే మరో రకం మూటగా వేసిన లిబ్రేఆఫీస్ రైటర్ పేరు ఓఆర్‌జీతో మొదలయ్యే పొడుగు పేరు. మనిషికి అది అదే ప్రోగ్రాం. రికార్డుకు మాత్రం వేరే మనిషి. ఒకే ప్రోగ్రాంను డెబ్ (ఉబుంటు, మింట్‌ల మామూలు ప్యాకేజీ), స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అని రెండు మూడు రూపాల్లో వేసుకోవడం ఈ గందరగోళానికి పెద్ద కారణం. షాపు కంప్యూటర్‌లో ఏదో ఒక్క రూపానికే కట్టుబడి ఉండటం మేలు.

చూసే వరుస కూడా తెలుసుకోవాలి. కాన్ఫిగ్ ఫోల్డరులో డెస్క్‌టాప్ పేరు ముందు తగిలిన మైమ్‌యాప్స్ ఫైలు, ఉదాహరణకు కేడీఈ-మైమ్‌యాప్స్.లిస్ట్, ఉంటే మొదట దాన్నే చూస్తారు. ఆ తర్వాత మామూలు మైమ్‌యాప్స్.లిస్ట్. ఆ తర్వాతే మొత్తం కంప్యూటర్‌కు వర్తించేవి. హోమ్‌లోని లోకల్, షేర్, అప్లికేషన్స్ ఫోల్డరులో ఇంకో పాత మైమ్‌యాప్స్.లిస్ట్ ఉండవచ్చు. అది పాతకాలపు చోటు, కొత్త ఫైలు ముందు దాని మాట చెల్లదు. చాలా పాత వ్యాసాలు దాన్నే దిద్దమంటాయి, దిద్దినా ఏమీ కాకపోవడానికి కారణం అదే.

వైన్ వచ్చిన ఇంట్లో

దక్షిణ తెలంగాణ డీటీపీ షాపులకు ప్రత్యేకంగా చెప్పాల్సింది వైన్ సంగతి. లగ్గం పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు ఏళ్లుగా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే కంపోజ్ అయ్యాయి. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. షాపుల హార్డ్ డిస్కుల్లో పాతికేళ్ల పని ఆ ఫైళ్ల రూపంలోనే ఉంది. లినక్స్‌కు మారినా దాన్ని వదులుకోలేరు కాబట్టి, విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే వైన్ వేసుకోవడం సహజం.

వైన్ అక్కడితో ఆగదు. తన లోపల విండోస్ పద్ధతిలో నమోదైన లంకెలను డెస్క్‌టాప్‌కు కూడా పంచుతుంది. హోమ్‌లోని అప్లికేషన్స్ ఫోల్డరులో వైన్-ఎక్స్‌టెన్షన్ అని మొదలయ్యే డెస్క్‌టాప్ ఫైళ్లు గుట్టగా పుడతాయి. మైమ్ ప్యాకేజెస్‌లో ఎక్స్-వైన్ అని మొదలయ్యే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు చేరతాయి. అంటే ఇది రెండు గడుల్లోనూ చెయ్యి పెడుతుంది. హోమ్‌లో ఉన్నవాటికి వ్యవస్థలో ఉన్నవాటికంటే ముందు స్థానం దక్కుతుంది కాబట్టి, యూజర్ స్వయంగా ఎంచుకోని రకాల్లో వైన్ తనవని చెప్పుకున్నవి దాని చేతికి పోవచ్చు. టెక్స్ట్ ఫైలు నొక్కితే విండోస్ నోట్‌ప్యాడ్ లాంటి కిటికీ, కొన్ని క్షణాలు ఆలస్యంగా, గరుకు అక్షరాలతో తెరుచుకుందంటే పని వైన్‌దే.

శుభ్రం చేయడానికి ఆ రెండు చోట్లా వైన్ పేరుతో ఉన్న ఫైళ్లు తీసేయాలి. అదే అప్లికేషన్స్ ఫోల్డరులో మైమ్‌ఇన్ఫో.క్యాష్ ఉంటే దాన్ని కూడా. తర్వాత అప్‌డేట్-డెస్క్‌టాప్-డేటాబేస్‌ను ఆ అప్లికేషన్స్ ఫోల్డరు మీద, అప్‌డేట్-మైమ్-డేటాబేస్‌ను హోమ్‌లోని మైమ్ ఫోల్డరు మీద నడపాలి. ఇక్కడితో ఆపితే వైన్ ఈసారి అప్‌డేట్ అయినప్పుడు మళ్లీ అన్నీ పుట్టుకొస్తాయి. వైన్ సెట్టింగుల కిటికీ అయిన వైన్‌సీఎఫ్‌జీ తెరిచి, డెస్క్‌టాప్ ఇంటిగ్రేషన్ పేజీలో ఫైలు లంకెల నిర్వహణ అన్న టిక్కు తీసేస్తే ఆ దారి మూసుకుంటుంది. పేజ్‌మేకర్ ఫైలును తెరవాలంటే ముందు పేజ్‌మేకర్ తెరిచి లోపలి నుంచి ఓపెన్ చేసుకోవచ్చు. అంత చిన్న అసౌకర్యానికి మిగతా ఫైళ్లన్నీ కుదుటపడతాయి.

పాత కంపోజింగ్ ఫైళ్ల విషయంలో మరో తేడా గుర్తించాలి. లిబ్రేఆఫీస్ డ్రా పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా ఫైళ్లను కొంతమేర తెరవగలదు. అది తెరిచాక తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కలగాపులగం కనపడితే లంకె తెగినట్టు కాదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. తెలుగు రూపాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి, ఆ ఫాంటు లేని చోట అసలు స్థానాలే బయటపడతాయి. ఫైలు సరైన ప్రోగ్రాంకే వెళ్లింది, ఫాంటు లేదు. ఈ తేడా తెలియక రోజంతా మైమ్ పట్టీలు తిరగేసే వాళ్లను చూస్తే జాలి వేస్తుంది. కోరెల్‌డ్రాకూ ఒక మెలిక ఉంది: 2008లో వచ్చిన ఎక్స్4 నుంచి సీడీఆర్ ఫైళ్లు కూడా లోపల జిప్ మూటలే. పేరు తోక ఊడిపోతే అవీ డాక్స్ దారే పడతాయి.

ఫోల్డరు నొక్కితే ఎడిటర్

బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ పక్కన ఫోల్డరు చూపించు అని నొక్కితే ఫైలు మేనేజరు బదులు కోడ్ ఎడిటర్ తెరుచుకోవడం ఇంజినీరింగ్ విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో తరచూ కనిపించే జబ్బు. ఫోల్డరుకు కూడా ఐనోడ్/డైరెక్టరీ అన్న రకం ఉంది, కొన్ని ఎడిటర్లు దాన్ని కూడా తెరవగలమని చెప్పుకుంటాయి. ఎక్స్‌డీజీ-మైమ్ డిఫాల్ట్ తర్వాత ఫైలు మేనేజరు డెస్క్‌టాప్ ఫైలు పేరు, ఆ తర్వాత ఐనోడ్/డైరెక్టరీ అని ఇస్తే కుదురుకుంటుంది. డాల్ఫిన్‌ను కేడీఈ లేకుండా ఒట్టి విండో మేనేజర్ (కిటికీలను మాత్రమే సర్దే ప్రోగ్రాం) మీద వాడేవాళ్లకు ఓపెన్ విత్ జాబితా మొత్తం ఖాళీగా కనపడితే, అది లంకెల తప్పు కాదు. అప్లికేషన్స్.మెనూ అనే ఫైలు దానికి దొరకలేదు.

రకం సరే, ప్రోగ్రాం సరే, అయినా తెరవదు

రెండు గడులూ సరిగ్గా ఉండి కూడా పని జరగకపోతే చూడాల్సింది డెస్క్‌టాప్ ఫైలులో ప్రోగ్రాంను ఎలా పిలవాలో చెప్పే ఎగ్జెక్ వరుస. శాతం గుర్తు పక్కన ఎఫ్ ఉంటే ప్రోగ్రాంకు మామూలు ఫైలు దారి అందుతుంది. యూ ఉంటే ఇంటర్నెట్ చిరునామా రూపంలో అందవచ్చు. రెండూ లేకపోతే కొన్ని డెస్క్‌టాప్‌లలో ప్రోగ్రాం ఖాళీగా తెరుచుకుని ఊరుకుంటుంది. చేత్తో రాసుకున్న డెస్క్‌టాప్ ఫైళ్లలోనే ఇది ఎక్కువ.

తెలుగువాళ్లకు ఇది మరింత తగులుతుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. చిరునామా రూపంలో ఒక్కో బైటు మూడు అక్షరాలవుతుంది. లగ్గం పత్రిక అన్న పేరులో ఒత్తులు, గుణింతాలు కలిపి 11 గుర్తులు ఉన్నాయి. మధ్య ఖాళీతో సహా అది 102 అక్షరాల శాతం గుర్తుల దండగా మారుతుంది. దాన్ని విప్పి చదవడం రాని స్క్రిప్టు అలాంటి ఫైలే లేదంటుంది. ఇంగ్లిష్ పేరున్న ఫైలు తెరుచుకుని తెలుగు పేరున్నది తెరుచుకోకపోతే, లేదా ఖాళీ ఉన్న పేర్లే మొరాయిస్తే, యూ తీసి ఎఫ్ పెట్టి చూడాలి. ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టొద్దన్న సలహా మాత్రం వినాల్సినది కాదు. తప్పు పేరులో లేదు, పిలిచే పద్ధతిలో ఉంది.

దిద్దినా నిలవనప్పుడు

ఇంతా చేసి మార్చిన డిఫాల్ట్ మళ్లీ పాతదానికే వస్తుంటే కాన్ఫిగ్ ఫోల్డరు, లోకల్ కింది ఫోల్డర్లు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడాలి. ఎప్పుడో సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, ఫైలు మేనేజరు తెరిచి ఉంటే వాటిలో కొన్ని రూట్ (అడ్మిన్) పేరు మీదకు మారిపోయి ఉండవచ్చు. అప్పుడు యూజర్ రాసింది అందులో పడదు. హోమ్ ఫోల్డరులోని వాటిని తిరిగి తన పేరు మీదకు మార్చుకుంటే సరిపోతుంది. ఆ ఒక్క మార్పుకు సుడో కావాలి. ఈ మరమ్మతులో హోమ్ లోపలి మిగతా పనికి ఎక్కడా సుడో అవసరం రాదు. అవసరం పడిందంటే అదే ఒక ఆనవాలు.

మైమ్‌యాప్స్.లిస్ట్ మొత్తాన్ని చెరిపేయడం ఆఖరి దారిగానే ఉండాలి. ముందు దానికి వేరే పేరు పెట్టి పక్కన ఉంచి, లాగౌట్ అయి, మళ్లీ వచ్చి చూడాలి. జబ్బు పోతే తప్పు ఆ ఫైలులోనే ఉందని తేలింది. అప్పుడు పాత ఫైలు తెరిచి, నిజంగా కావలసిన నాలుగైదు వరుసలు మాత్రమే కొత్తదానిలోకి తెచ్చుకోవచ్చు.

కాలేజీ ల్యాబ్‌లో ముప్ఫై సిస్టమ్‌లకు ఒకేలా పెట్టాలంటే ఒక్కో లాగిన్‌లోకి వెళ్లి మార్చాల్సిన పని లేదు. ఈటీసీ కింద ఎక్స్‌డీజీ ఫోల్డరులో మైమ్‌యాప్స్.లిస్ట్ పెడితే, హోమ్‌లో సొంత ఎంపిక లేని ప్రతి విద్యార్థికీ అదే వర్తిస్తుంది. ఇప్పటికే తప్పు ఎంపిక చేసుకున్న లాగిన్‌లను మాత్రం అది మార్చలేదు, హోమ్‌లోని మాటదే పైచేయి. అందుకే ఆ ఫైలును ల్యాబ్ మొదలుపెట్టిన రోజే, మొదటి విద్యార్థి లాగిన్ కాకముందే పెట్టాలి.